గ్రీన్ బే ప్యాకర్స్: అందరి జట్టు, ఒక్కరి నిర్ణయం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు లోపలికి చొచ్చుకొచ్చిన చోట ఉన్న ఊరు గ్రీన్ బే. 2020 జనగణన ప్రకారం జనాభా 1,07,395. ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్. దాని స్టేడియంలో సీట్లు 81,441. ఆ ఆటకు వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లలో అన్నిటికన్నా చిన్న ఊరి జట్టు ఇదే. అందరికన్నా ఎక్కువగా 13 టైటిళ్లు గెలిచిందీ ఇదే. ఈ జట్టుకు యజమాని అంటూ ఒకరు లేరు. 5,37,000 మందికి పైగా వాటాదారులున్నారు, వారిలో ఎవరికీ ఒక్క డాలరు డివిడెండ్ రాదు.

ప్యాకర్స్ గురించి ఎవరు రాసినా ఊరి జనం అభిమానంతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. అభిమానం ఉన్న మాట నిజమే. అయితే 1920లలో కాంటన్, రాక్ ఐలాండ్, డులూత్, రసీన్ లాంటి ఊళ్లలోనూ జట్లు ఉండేవి, వాటినీ జనం ప్రేమించారు. ఒక్కటీ మిగల్లేదు. డికేటర్ జట్టు 1921లో షికాగోకు తరలి, మరుసటి ఏడాది బేర్స్ అయింది. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్ వెళ్లి లయన్స్ అయింది. గ్రీన్ బే మాత్రం నిలిచిందంటే దానికి మూడు కారణాలున్నాయి: జట్టును ఎవరూ అమ్ముకోలేని విధంగా రాసుకున్న షరతులు, టీవీ సొమ్మును లీగ్ సమానంగా పంచడం, ఆట నిర్ణయాలను కమిటీ చేతుల్లోంచి తప్పించడం. మొదటి రెండూ జట్టును బతికించాయి. గెలిపించింది మూడోది. అది నేర్చుకోవడానికే గ్రీన్ బేకు ఎక్కువ కాలం పట్టింది, ఒకసారి నేర్చుకుని మరిచిపోయింది కూడా.

ఐదు డాలర్ల వాటా

1919 ఆగస్టు 11న స్థానిక పత్రిక ‘ప్రెస్ గెజిట్’ కార్యాలయంలో జట్టు పుట్టింది. పుట్టించిన ఇద్దరిలో ఒకరు ఎర్ల్ లాంబో, ఊళ్లో అందరూ కర్లీ అనేవారు. రెండో వ్యక్తి అదే పత్రికలో పనిచేసే జార్జ్ కాల్‌హూన్. లాంబో అప్పుడు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో గుమాస్తా. మాంసాన్ని డబ్బాల్లో నింపి అమ్మే కంపెనీ అది. జెర్సీలు కొనడానికి కంపెనీ 500 డాలర్లు ఇచ్చింది, సాధనకు తన స్థలాన్ని వాడుకోనిచ్చింది. ‘ప్యాకర్స్’ అన్న పేరు అలా వచ్చింది. తొలి ఏడాది పదకొండు ఆటల్లో పది గెలిచారు. ప్రేక్షకుల మధ్య టోపీ తిప్పి పోగేసిన డబ్బును సీజన్ చివర పంచుకుంటే ఒక్కొక్కరికి 16.75 డాలర్లు వచ్చాయి.

1921లో ప్యాకర్స్ లీగ్‌లో చేరింది. ఎన్‌ఎఫ్‌ఎల్ అన్న పేరు ఆ లీగ్‌కు మరుసటి ఏడాది వచ్చింది. ఆ మొదటి సీజన్‌లోనే కాలేజీ ఆటగాళ్లను మారుపేర్లతో దింపి దొరికిపోవడంతో సభ్యత్వం రద్దయింది. 1922లో లాంబో మళ్లీ దరఖాస్తు పెట్టుకుని 50 డాలర్ల రుసుముతో దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు.

అసలు దెబ్బ వాన రూపంలో తగిలింది. అప్పట్లో జట్టుకు వచ్చే రాబడి అంతా గేటు దగ్గర అమ్మే టికెట్లదే. వాన పడితే జనం రారు, రాకపోయినా ఎదుటి జట్టుకు ఒప్పుకున్న సొమ్ము ఇచ్చి తీరాలి. అందుకే 1922లో వాన బీమా తీసుకున్నారు. వాన పడింది, జనం రాలేదు, తీరా కొలిచి చూస్తే బీమా వర్తించే వర్షపాతానికి అంగుళంలో నూరో వంతు తక్కువైంది. కంపెనీ పైసా ఇవ్వలేదు. ఆ నవంబరులో డులూత్ జట్టుతో ఆట రోజున మళ్లీ వాన. ఆడితే నష్టం, రద్దు చేస్తే పరువు నష్టం. ‘ప్రెస్ గెజిట్’ ప్రచురణకర్త ఆండ్రూ టర్న్‌బుల్ ఆడమని సలహా ఇచ్చి, ఊరి వ్యాపారులను తాను కూడగడతానని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు.

1923లో ‘గ్రీన్ బే ఫుట్‌బాల్ కార్పొరేషన్’ అలా ఏర్పడింది. ఒక్కోటి 5 డాలర్ల చొప్పున వెయ్యి వాటాలు అమ్మి 5,000 డాలర్లు సేకరించారు. వాటా కొన్నవాళ్లు కనీసం ఆరు సీజన్ టికెట్లు కూడా కొనాలన్నది షరతు. ఆ షరతే ఈ పథకంలోని తెలివి. వాటా సొమ్ము ఒక్కసారే వస్తుంది, టికెట్ల సొమ్ము సీజన్ మొదలుకాకముందే చేతికొస్తుంది, వానతో దానికి పనిలేదు. లాభం ఎవరికీ పంచకూడదని, సంస్థను మూసేయాల్సి వస్తే మిగిలిన ఆస్తి మాజీ సైనికుల సంఘానికి చెందాలని కూడా రాసుకున్నారు. అమ్మితే తమకేమీ దక్కదని తెలిశాక అమ్మాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? బయటి ధనవంతుడు ఎంత ఇవ్వజూపినా సరే అనడానికి ఎవరికీ కారణం లేకుండా పోయింది.

వెనుక చూసుకునేవాళ్లు దొరికారు కాబట్టి లాంబో ఆట మీద పడ్డాడు. 1929, 1930, 1931లలో వరుసగా మూడు టైటిళ్లు వచ్చాయి. అప్పటికి ఫైనల్ అంటూ లేదు, గెలుపు శాతం ఎక్కువున్న జట్టే విజేత. 1929లో ప్యాకర్స్ 12 గెలిచి, ఒకటి డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదు. 1935లో అలబామా నుంచి డాన్ హట్సన్ వచ్చాడు. బంతిని గాల్లోకి విసిరి ముందుకు సాగే ఆట ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో అతను పరుగు మధ్యలో హఠాత్తుగా దిశ మార్చి కాపలాదారును వదిలించుకునే పద్ధతులు కనిపెట్టాడు. పదకొండు సీజన్లలో 99 టచ్‌డౌన్ పాస్‌లు (గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) అందుకున్నాడు, 1989 దాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. 1936, 1939, 1944 టైటిళ్లతో లాంబో ఖాతాలో ఆరు చేరాయి.

మధ్యలో మరో గండం గడిచింది. 1931లో ఒక ప్రేక్షకుడు స్టాండ్ పైనుంచి పడి కోర్టుకెళ్లాడు. సుమారు 5,000 డాలర్ల పరిహారం కట్టమని తీర్పు వచ్చేసరికి బీమా కంపెనీయే దివాలా తీసింది. జట్టు 1933లో కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లింది. 1935లో రెండోసారి వాటాలు అమ్మి 15,000 డాలర్లు పోగేసి, ‘గ్రీన్ బే ప్యాకర్స్’ పేరుతోనే సంస్థను కొత్తగా నమోదు చేశారు.

లాంబో కట్టుకున్న శిబిరం

1946లో లాంబో ఊరికి ఉత్తరాన, సరస్సు గట్టు మీద రాక్‌వుడ్ లాడ్జ్ అనే భవంతిని 32,000 డాలర్లకు కొనిపించాడు. ఆటగాళ్లు ఒకే చోట ఉండి, తిని, సాధన చేసే శిబిరం. వృత్తి ఫుట్‌బాల్‌లో అలాంటిది అదే మొదటిది. ఆలోచన కాలానికి ముందున్నదే, ఎంచుకున్న నేల మాత్రం పనికిరానిది. పైన పలచటి మట్టి, కింద సున్నపురాయి. ఆ గట్టినేల మీద రోజూ పరుగెత్తేసరికి ఆటగాళ్లకు ముంగాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, సాధనను మళ్లీ ఊళ్లోకి మార్చాల్సి వచ్చింది. ఖర్చు పెరిగింది, ఊరికి జట్టు దూరమైంది. సరిగ్గా అప్పుడే పోటీ లీగ్ ఒకటి పుట్టి 1946 నుంచి 1949 దాకా ఆటగాళ్ల జీతాలను ఎగదోసింది.

1949 నవంబరుకు సీజన్ పూర్తి చేయడానికే డబ్బు లేదు. జట్టులోని ఆటగాళ్లనే రెండు పక్షాలుగా చేసి ఆట పెట్టి, టికెట్లమ్మి సుమారు 50,000 డాలర్లు కూడబెట్టారు. లాంబో బయటి పెట్టుబడిదారులను తెచ్చి లాభాపేక్ష గల సంస్థగా మార్చాలన్నాడు, బోర్డు ఒప్పుకోలేదు. 1950 జనవరి 24న రాక్‌వుడ్ లాడ్జ్ కాలిపోయింది, 75,000 డాలర్ల బీమా వచ్చింది. వారం తిరిగేసరికి లాంబో రాజీనామా చేసి షికాగో కార్డినల్స్‌కు వెళ్లిపోయాడు.

ఆ ఏడాదే మూడో విడత అమ్మకం జరిగింది. వాటా 25 డాలర్లు, ఒక్కరికి 200 మించి ఇవ్వరు. రైట్స్‌టౌన్ దగ్గరి పొలం నుంచి వచ్చిన ఒక మహిళ అగ్గిపెట్టెలో పావు డాలరు నాణేలు నింపుకొచ్చి ఒక వాటా తీసుకుంది. మొత్తం 1,18,000 డాలర్లు పోగయ్యాయి. 200 పరిమితి పెట్టింది చేదు అనుభవంతోనే: జట్టును ఊరికి మిగల్చాలంటే ఏ ఒక్కరి చేతిలోనూ బోర్డును ఒప్పించగల బలం ఉండకూడదు.

పదిలో నాలుగు వంతులు

1950లలో జట్టును ఊరి నుంచి కదిలించాలని ఒత్తిడి తెచ్చింది తోటి జట్లే. గేటు రాబడిలో అతిథి జట్టుకు 40 శాతం వాటా ఉండేది. న్యూయార్క్ జట్టు తన పెద్ద స్టేడియంలో ప్యాకర్స్‌కు ఇచ్చే 40 శాతం ఎక్కడ, గ్రీన్ బేలో హైస్కూలు వెనుకనున్న 25,000 సీట్ల పాత మైదానంలో తనకు దక్కే 40 శాతం ఎక్కడ! రైలు ఖర్చులు పోగా మిగిలేది కొంచెమే. ఈ లోటు పూడ్చడానికే ప్యాకర్స్ 1933 నుంచి కొన్ని సొంత ఆటలను 180 కిలోమీటర్ల దూరంలోని మిల్వాకీలో ఆడేది. ఆ అలవాటు 1994 దాకా సాగింది. మిల్వాకీ వాళ్ల పాత సీజన్ టికెట్లకు బదులుగా ఇప్పటికీ ఏటా కొన్ని ఆటలు ‘గోల్డ్ ప్యాకేజీ’ పేరుతో వాళ్లకే కేటాయిస్తారు.

కొత్త స్టేడియం కట్టకపోతే జట్టే మిల్వాకీకి పోతుందన్న భయంతో 1956 ఏప్రిల్‌లో గ్రీన్ బే ఓటింగ్ పెట్టింది. బాండ్లు జారీ చేయడానికి అనుకూలంగా రెండింతలకు పైగా ఓట్లు పడ్డాయి. ఓటింగ్‌కు ముందు జరిగిన సభకు వచ్చి గ్రీన్ బే తరఫున మాట్లాడింది ఎవరో కాదు, బద్ధశత్రువు షికాగో బేర్స్ యజమాని జార్జ్ హాలస్. ప్యాకర్స్‌తో ఆటంటే బేర్స్‌కు టికెట్లు అమ్ముడవుతాయి. 9,60,000 డాలర్ల ఖర్చుతో 32,150 సీట్ల స్టేడియం లేచింది, 1957 సెప్టెంబరు 29న మొదటి ఆటలో ప్యాకర్స్ 21-17తో బేర్స్‌నే ఓడించింది. 1965లో లాంబో మరణించాక దానికి ఆయన పేరు పెట్టారు.

స్టేడియం ఒక్కటే సరిపోయేది కాదు. 1960ల ఆరంభం దాకా ఏ జట్టు టీవీ హక్కులు ఆ జట్టే అమ్ముకునేది. న్యూయార్క్ ప్రేక్షకుల సంఖ్య ముందు గ్రీన్ బే నిలవలేదు. లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ అన్ని జట్ల హక్కులనూ ఒకే మూటగా అమ్మి సమానంగా పంచాలని ప్రతిపాదించాడు. పోటీ చట్టానికి విరుద్ధమని 1961లో కోర్టు కొట్టేసింది. వెంటనే అమెరికా కాంగ్రెస్ క్రీడా ప్రసారాల చట్టం తెచ్చి మినహాయింపు ఇచ్చింది, సెప్టెంబరు 30న అధ్యక్షుడు కెనెడీ సంతకం చేశాడు. 1962లో టీవీ సంస్థ సీబీఎస్ ఏడాదికి 46.5 లక్షల డాలర్లకు హక్కులు కొంది. 14 జట్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 3,32,000. ఊరంతా నాణేలు పోగేసి 1950లో కూడబెట్టిన మొత్తానికి ఇది దాదాపు మూడింతలు, అదీ ఏటా. న్యూయార్క్ జెయింట్స్ యజమానులు మారా సోదరులు తమకు రావలసిన పెద్ద వాటాను వదులుకుని ఒప్పుకున్నారు. ప్యాకర్స్ చరిత్రలో స్థానిక వీరులకున్న గౌరవమే ఈ న్యూయార్క్ వాళ్లకూ దక్కాలి.

కమిటీ గదిలోంచి బయటికి

కొత్త స్టేడియం వచ్చినా 1958లో ప్యాకర్స్ ఒక్కటంటే ఒక్క ఆట గెలిచి, పది ఓడి, ఒకటి డ్రా చేసింది. జట్టు చరిత్రలో అంతకన్నా హీనమైన సీజన్ లేదు. ఆశ్చర్యం ఏమిటంటే బార్ట్ స్టార్, పాల్ హార్నంగ్, జిమ్ టేలర్, ఫారెస్ట్ గ్రెగ్, జెర్రీ క్రేమర్, రే నిట్ష్కీ అప్పటికే జట్టులో ఉన్నారు. వీళ్లంతా తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాళ్లు. ఆటగాళ్ల కొరత లేదు, చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. వ్యాపారులు, లాయర్లు, డాక్టర్లతో నిండిన కార్యనిర్వాహక కమిటీ ముందు కోచ్ నిలబడి, మొన్నటి ఆటలో ఫలానా ఎత్తు ఎందుకు వేశావంటే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. కమిటీకి భయపడుతున్న కోచ్ మాట ఆటగాళ్లు ఎందుకు వింటారు?

1959 జనవరిలో విన్స్ లొంబార్డీ వచ్చాడు. న్యూయార్క్ జెయింట్స్‌లో సహాయ కోచ్, వయసు 45, అప్పటిదాకా వృత్తి జట్టుకు ప్రధాన కోచ్‌గా చేయలేదు. ఐదేళ్ల ఒప్పందం, ఏడాదికి 36,000 డాలర్లు. ఒక్క షరతు మీద గట్టిగా నిలబడ్డాడు: కోచ్ పదవీ, జనరల్ మేనేజర్ పదవీ రెండూ తనకే కావాలి, ఆట విషయంలో కమిటీ జోక్యం ఉండకూడదు. ఒప్పుకోవడం తప్ప 1958 తర్వాత కమిటీకి వేరే దారి లేదు.

ఆయన ఆట ఎలా ఉండేదో ‘పవర్ స్వీప్’ అనే ఒక్క ఎత్తును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సాధారణంగా గార్డులు ఇద్దరూ, అంటే ముందు వరుసలో సెంటర్‌కు అటూ ఇటూ నిలబడేవాళ్లు, తమ ఎదురుగా ఉన్నవాడిని నెట్టి నిలబడతారు. స్వీప్‌లో బంతి కదలగానే వాళ్లిద్దరూ, అంటే జెర్రీ క్రేమర్, ఫజీ థర్‌స్టన్, తమ చోటు వదిలి పక్కకు పరుగు తీస్తారు. కుడివైపు స్వీప్ అయితే, వాళ్లు వదిలిన ఖాళీని సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు) జిమ్ రింగో మూయాలి. అతను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే ప్రత్యర్థి ముందు వరుసలోని ట్యాకిల్ లోపలికి దూసుకొచ్చి బంతి పట్టుకున్నవాడిని వెనకే పడేస్తాడు. వెనుక నిలబడే ఫుల్‌బ్యాక్ టేలర్, ప్రత్యర్థి వరుస చివరనున్న డిఫెన్సివ్ ఎండ్‌ను గుద్దాలి. అన్నిటికన్నా కీలకం టైట్ ఎండ్, అంటే మన వరుస చివర నిలబడే రాన్ క్రేమర్. అతను లైన్‌కు కాస్త ఎడంగా నిలబడి, ఎదురుగా ప్రత్యర్థి ముందు వరుస వెనుక కాపలా ఉన్న లైన్‌బ్యాకర్‌ను అతను ఎటు పోవాలనుకుంటే అటే నెట్టుకుపోతాడు. బయటికి పోతే లోపల సందు, లోపలికి పోతే బయట సందు. బంతి పట్టుకున్న హార్నంగ్ గార్డుల వెనుక ఓపికగా నడుస్తున్నట్టు పరుగెత్తి, తెరుచుకున్న సందును చూసి అప్పుడు వేగం పెంచాలి. తొందరపడి గార్డులను దాటాడా, ఎత్తు మొత్తం పాడవుతుంది. ప్రత్యర్థులందరికీ ఇది వస్తుందని తెలుసు, అయినా ఆపలేకపోయేవారు, ఎందుకంటే ఎటు ఆపాలో వాళ్ల లైన్‌బ్యాకర్ అడుగే నిర్ణయించేది. లొంబార్డీ ఇలాంటి కొద్ది ఎత్తులనే వందలసార్లు చేయించి, ప్రతి తప్పటడుగునూ ఫిల్మ్ మీద చూపించేవాడు. మీద కమిటీ లేని కోచ్‌కే అంత ఓపిక సాధ్యం.

మొదటి ఏడాది 7 గెలుపులు, 5 ఓటములు. రెండో ఏడాది ఫైనల్‌లో ఫిలడెల్ఫియా చేతిలో 17-13తో ఓటమి. 1961 ఫైనల్ గ్రీన్ బేలో జరిగింది, జెయింట్స్‌ను 37-0తో మట్టి కరిపించారు. 1962, 1965, 1966, 1967 టైటిళ్లు కూడా వాళ్లవే. లీగ్ విజేత అప్పట్లో మరో లీగ్ విజేతతో ఆడే ఆట సూపర్ బౌల్. మొదటిదాంట్లో కాన్సాస్ సిటీని 35-10తో, రెండోదాంట్లో ఓక్లండ్‌ను 33-14తో ఓడించారు.

రెండో సూపర్ బౌల్‌కు ముందు 1967 డిసెంబరు 31న డాలస్‌తో లాంబో ఫీల్డ్‌లో ఆడిన లీగ్ ఫైనల్ వేరే లెక్క. ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. నేల గడ్డకట్టకుండా ఉండేందుకు ఆ ఏడాదే 80,000 డాలర్లతో గడ్డి కింద ఆరంగుళాల లోతున విద్యుత్ తీగలు పరిచారు. రాత్రంతా మైదానం మీద టార్పాలిన్ కప్పి ఉంచారు. దాని కింద వేడికి తేమ పోగైంది. ఉదయం టార్పాలిన్ తీయగానే చలిగాలి తగిలి ఆ తేమ మంచు పొరగా బిగుసుకుంది. నేలను కాపాడాల్సిన ఏర్పాటే దాన్ని గాజులా నున్నగా చేసిపెట్టింది. రెఫరీ ఈలలు పెదాలకు అంటుకుపోవడంతో నోటితోనే ఆట ఆపారు. చివరి 4 నిమిషాల 50 సెకన్లకు ప్యాకర్స్ 17-14తో వెనుకబడి, గోల్ గీతకు 68 గజాల దూరంలో ఉంది. 16 సెకన్లు మిగిలి ఉండగా గీతకు రెండడుగుల దూరం, టైమ్‌ఔట్లు అయిపోయాయి. బంతిని తన్ని మూడు పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్ కొడితే స్కోరు సమమయ్యేది. వెనుక నుంచి పరుగెత్తి వచ్చేవాళ్లు మంచు మీద జారుతున్నారని గమనించిన క్వార్టర్‌బ్యాక్ (బంతిని అందుకుని ఆట నడిపేవాడు) బార్ట్ స్టార్, బంతిని ఎవరికీ ఇవ్వకుండా జెర్రీ క్రేమర్, కెన్ బౌమన్ తోసిన సందులోంచి తానే దూరాడు. 21-17.

ఒక్కరి చేతిలో పెట్టినా

1968లో లొంబార్డీ కోచింగ్ వదిలి, మరుసటి ఏడాది వాషింగ్టన్‌కు వెళ్లాడు. అప్పటి నుంచి 1991 దాకా 24 సీజన్లలో ఐదింట్లోనే ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ. ప్లేఆఫ్స్‌కు చేరింది రెండుసార్లు, 1972లో, 1982లో. టీవీ సొమ్ము వస్తూనే ఉంది, స్టేడియం నిండుతూనే ఉంది, సీజన్ టికెట్లు 1960 నుంచీ ఒక్కటీ మిగలడం లేదు. బతకడానికి ఢోకా లేదు కాబట్టే ఓటమి జబ్బు కుదర్చాలన్న తొందర లేకపోయింది. ఈ 24 ఏళ్లే ప్యాకర్స్ పద్ధతికి అసలు పరీక్ష. అందరి జట్టు అయినంత మాత్రాన మంచి జట్టు కాదని అవి చూపించాయి.

1971లో వచ్చిన డాన్ డివైన్‌కు కూడా లొంబార్డీ లాగే రెండు పదవులూ ఇచ్చారు. 1974 సీజన్ మధ్యలో, తన ఉద్యోగం కత్తి అంచున ఉండగా, 34 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ జాన్ హాడ్ల్ కోసం లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఐదు డ్రాఫ్ట్ ఎంపికలు (కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులు) ధారపోశాడు: రాబోయే రెండేళ్లకూ మొదటి, రెండో రౌండ్లు, వాటితో పాటు ఒక మూడో రౌండ్. హాడ్ల్ గ్రీన్ బేలో వేసిన టచ్‌డౌన్ పాస్‌లు 9, ప్రత్యర్థుల చేతికి చిక్కినవి 29. సీజన్ ముగియగానే డివైన్ వెళ్లిపోయాడు, అప్పు తర్వాతి కోచ్ బార్ట్ స్టార్ నెత్తిన పడింది. ఈ ఆదివారం గెలవాలన్న తొందర కోచ్‌కు ఉంటుంది, మూడేళ్ల తర్వాత జట్టు ఎలా ఉండాలన్నది జనరల్ మేనేజర్ చూడాలి. ఇద్దరూ ఒకే మనిషి అయినప్పుడు ఆదివారమే గెలుస్తుంది. లొంబార్డీ ఒక్కడు ఆ రెంటినీ మోయగలిగాడని పద్ధతే సరైనదనుకున్నారు.

1989లో ప్యాకర్స్ సంస్థ అధ్యక్షుడైన బాబ్ హార్లన్ ఈ ముడిని విప్పాడు. 1991 నవంబరులో రాన్ వోల్ఫ్‌ను జనరల్ మేనేజర్‌గా తెచ్చి, ఆటగాళ్ల ఎంపిక, కోచ్ నియామకం పూర్తిగా అతనికే అప్పగించాడు. కమిటీకి ఓటు లేదు, కోచ్‌కు డ్రాఫ్ట్ మీద చివరి మాట లేదు. వోల్ఫ్ మైక్ హోమ్‌గ్రెన్‌ను కోచ్‌గా తెచ్చాడు. అట్లాంటాలో బెంచీ మీద కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ కోసం 1992లో మొదటి రౌండ్ ఎంపిక ఇచ్చేశాడు. వైద్య పరీక్షలో ఫార్వ్ తుంటి ఎముక సమస్య బయటపడి డాక్టర్లు సందేహించినా వెనక్కి తగ్గలేదు. పాత కమిటీ రోజుల్లో అయితే ఆ నివేదిక టేబుల్ మీదికి వచ్చిన రోజే ఒప్పందం ఆగిపోయేది.

1993లో ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. పెద్ద నగరాలకే అందరూ పోతారని, గ్రీన్ బే పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. ఆ స్వేచ్ఛ కోసం కోర్టుకెళ్లిన ఆటగాళ్ల కేసు ఎవరి పేరుతో నడిచిందో ఆ రెజీ వైటే నాలుగేళ్లకు 1.7 కోట్ల డాలర్లకు ప్యాకర్స్‌లో చేరాడు. 1994లో లీగ్ జీతాల మీద 3.46 కోట్ల డాలర్ల పరిమితి పెట్టింది. టీవీ సొమ్ము సమానం, జీతాల పరిమితీ సమానం. దాంతో ఎవరిని తీసుకోవాలన్న విచక్షణే తేడా తెచ్చేదిగా మిగిలింది. 1997 జనవరిలో న్యూ ఇంగ్లండ్‌ను 35-21తో ఓడించి 29 ఏళ్ల తర్వాత మళ్లీ సూపర్ బౌల్ గెలిచారు.

వాటా అంటే ఏం కొన్నట్టు?

ఆ గెలుపు తర్వాత కొద్ది నెలలకే నాలుగో విడత వచ్చింది. వాటా 200 డాలర్లు, 1,20,010 అమ్ముడయ్యాయి, 2.4 కోట్ల డాలర్లు వచ్చాయి. అమ్మకానికి ముందు ఒక్కో పాత వాటాను వెయ్యి వాటాలుగా చీల్చారు. అందువల్ల మొత్తం 47.5 లక్షల వాటాల్లో కొత్తవి రెండున్నర శాతం మాత్రమే. లక్ష మందికి పైగా కొత్తవాళ్లు లోపలికి వచ్చినా ఓట్ల బలం పాత కుటుంబాల దగ్గరే ఉంది. ఈ విషయం సంబరాల్లో ఎవరూ పెద్దగా చెప్పరు, చెప్పాలి. 2011లో 250 డాలర్లకు, 2021లో 300 డాలర్లకు మరో రెండు విడతలు సాగాయి.

వాటా బయట అమ్ముకోవడానికి లేదు. కుటుంబ సభ్యులకు బదిలీ చేయవచ్చు, లేదంటే నామమాత్రపు ధరకు సంస్థకే తిరిగి ఇవ్వాలి. సీజన్ టికెట్ల నిరీక్షణ జాబితాలో, అది లక్ష పేర్లు దాటింది, ముందుకు జరగరు. చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్, వేసవిలో లాంబో ఫీల్డ్‌లో జరిగే వార్షిక సమావేశానికి ఆహ్వానం, బోర్డు ఎన్నికలో ఓటు. పెట్టుబడిగా కొనవద్దని అమ్మకపు పత్రంలోనే రాసి ఉంటుంది. ఒక్కరు 2,00,000 వాటాలకు మించి ఉంచుకోకూడదు. సంస్థ మూతపడితే సొమ్ము ఇప్పుడు ప్యాకర్స్ ఫౌండేషన్‌కు, అంటే దానధర్మాలకు వెళ్తుంది. ఇలాంటి జట్టును ఇప్పుడు కొత్తగా పెట్టడానికి ఎన్‌ఎఫ్‌ఎల్ నిబంధనలు ఒప్పుకోవు, ప్రతి జట్టుకూ ఒక ప్రధాన యజమాని ఉండి తీరాలి. ముందు నుంచీ ఉన్నందువల్ల ప్యాకర్స్‌కు మినహాయింపు.

వాటాల సొమ్మును స్టేడియం పనులకే వాడాలి, జీతాలకు కాదు. 2000లో 29.5 కోట్ల డాలర్ల పునర్నిర్మాణానికి అది కూడా చాలక గ్రీన్ బే ఉన్న బ్రౌన్ కౌంటీ ప్రజలు అర శాతం అమ్మకపు పన్నుకు ఓటేశారు. 53 శాతం అవునన్నారు, 47 శాతం కాదన్నారు. 1956తో పోలిస్తే ఇది అంచున దక్కిన గెలుపు. సొంత ఊళ్లోనే దాదాపు సగం మంది వద్దన్నారని గుర్తుపెట్టుకోవాలి. ఆ పన్ను 2015లో ముగిసింది.

2025 మార్చితో ముగిసిన ఏడాదికి ప్యాకర్స్ మొత్తం రాబడి 71.9 కోట్ల డాలర్లు. అందులో 43.26 కోట్లు లీగ్ ఉమ్మడి ఖాతా నుంచి వచ్చినవే, మిగతా జట్ల మాదిరిగానే సమాన వాటా. ఈ అంకెలు తెలుస్తున్నాయంటే ప్యాకర్స్ ఒక్కటే ఏటా లెక్కలు బయటపెట్టే జట్టు కాబట్టి. జీతాల పరిమితి 2025లో 27.92 కోట్లకు చేరింది. ఒప్పందం రాసిన రోజే భారీ నగదు కావాల్సి వస్తే మిగతా జట్లకు యజమాని జేబు ఉంది, ఇక్కడ ఆ పనికి ఏటా మిగుల్చుకుని దాచిన నిల్వ నిధి ఉంది. 2025 ఆగస్టులో డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్ కోసం డాలస్‌కు రెండు మొదటి రౌండ్ ఎంపికలు, ఒక ఆటగాడిని ఇచ్చి, నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాయగలిగింది ఆ క్రమశిక్షణ ఉండబట్టే.

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మాత్రం మళ్లీ తెరుచుకుంది. వోల్ఫ్ పద్ధతిలోనే ఎదిగిన జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్ 2005లో, ఫార్వ్ ఇంకా ఆడుతుండగానే, డ్రాఫ్ట్‌లో 24వ ఎంపికగా మరో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ను తీసుకున్నాడు. మూడేళ్లు కూర్చోబెట్టి, 2008లో ఫార్వ్‌ను న్యూయార్క్ జెట్స్‌కు పంపాడు. అభిమానుల ఆగ్రహం చల్లారకముందే 2011 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్‌ను 31-25తో ఓడించి సూపర్ బౌల్ వచ్చింది. ఓట్లేసి నిర్ణయించే జట్టయితే రాడ్జర్స్ వచ్చేవాడు కాదు, ఫార్వ్ వెళ్లేవాడు కాదు. 2020లో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ను 26వ ఎంపికగా తీసుకోవడం, 2023లో రాడ్జర్స్‌ను అదే జెట్స్‌కు పంపడం అదే బాటలో జరిగాయి.

అయితే 2018లో అప్పటి అధ్యక్షుడు మార్క్ మర్ఫీ వరస మార్చాడు. జనరల్ మేనేజర్ బ్రయన్ గుటెకున్స్ట్, కోచ్, ఒప్పందాలు చూసే రస్ బాల్ ముగ్గురూ విడివిడిగా అధ్యక్షుడికే జవాబుదారీ. కోచ్‌ను నియమించే అధికారం జనరల్ మేనేజర్ చేతిలోంచి పోయింది. 2019లో మాట్ లాఫ్లూర్ వచ్చాక వరుసగా మూడు సీజన్లలో పదమూడేసి గెలుపులు వచ్చాయి గానీ ఏ ఒక్కసారీ సూపర్ బౌల్‌కు చేరలేదు. ముగ్గురూ మంచి మాట మీద ఉన్నంత కాలం ఈ ఏర్పాటు నడుస్తుంది. కోచ్‌కూ జనరల్ మేనేజర్‌కూ పొసగని రోజున తీర్పు చెప్పాల్సింది ఆట నిపుణుడు కాని అధ్యక్షుడు. 70 ఏళ్లు నిండితే దిగిపోవాలన్న నిబంధన ప్రకారం మర్ఫీ 2025 జులైలో తప్పుకుని ఎడ్ పాలిసీ వచ్చాడు. మర్ఫీ గీసిన వరసను ఉంచాలా, హార్లన్ గీతకు తిరిగి వెళ్లాలా అన్నది వచ్చిన రోజున అతని ముందున్న పెద్ద నిర్ణయం. ఐదు లక్షల పైచిలుకు వాటాదారుల్లో ఎవరికీ అందులో ఓటు లేదు, ఉండకూడదు కూడా.